గడియారం సెంటర్‌లో కలిసిన అన్నకు కృతజ్ఞతలు

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర రిపేర్ షాపులో మిక్సీ పట్టుకొని కూర్చున్న అన్నా, పేరు అడిగేలోపే వెళ్లిపోయారు. అందుకే నలుగురిలో చెబుతున్న: శానా థ్యాంక్స్.

మా చెల్లె కొడుకు స్పెయిన్‌లో పెరిగినోడు. తెలుగు గలగలా మాట్లాడతడు గానీ చదువంతా స్పానిష్‌లోనే. ఈ సెలవుల్లో వాడికి ఎలక్ట్రానిక్స్ పిచ్చి పట్టుకుంది. నల్లగొండలో స్పానిష్ పుస్తకం ఎక్కడ తేవాలె? మీరేమో తాపీగా ఫోన్ తీసి, కొలరాడో యూనివర్సిటీ వాళ్ల ఫెట్ (PhET) అనే సైన్స్ ప్రయోగాల వెబ్‌సైట్ తెరిచి, భాష స్పానిష్‌కు మార్చి వాడి చేతికిచ్చారు. తెర మీదే బ్యాటరీ, బల్బు, తీగలు కలుపుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. ఆర్డుయినో, అంటే ప్రోగ్రాం రాసి నడిపే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు, నేర్చుకోనీకైతే టింకర్‌క్యాడ్ అనే వెబ్‌సైట్ ఉంది, బోర్డు కొనే పనే లేదన్నారు.

నాకు బాగా నచ్చింది ఆ తర్వాతది. 9 వోల్టుల బ్యాటరీ, ఎర్ర ఎల్‌ఈడీ బల్ల మీద పెట్టి, "నేరుగా కలిపితే మాడిపోతది, ముందు లెక్క చెయ్యి బిడ్డా" అన్నారు. ఎల్‌ఈడీకి సుమారు 2 వోల్టులు పోతే మిగిలేవి 7. కరెంటును తగ్గించే రెసిస్టర్ 470 ఓమ్‌లది పెడితే దాదాపు 15 మిల్లీఆంపియర్ల కరెంటే పోతది. రెసిస్టర్ విలువ చెప్పే పసుపు, ఊదా, గోధుమ చారలు చూసి డబ్బాలోంచి వాడే ఏరిండు. ఎల్‌ఈడీ పొడుగు కాలు ప్లస్ వైపు పెట్టగానే వెలిగింది! ఇంట్లో 230 వోల్టుల జోలికి పోనని మీరు వేయించుకున్న ఒట్టు మా చెల్లెకు అన్నిటికంటే నచ్చింది.

మీరు వాడుకొమ్మని ఇచ్చిన మల్టీమీటర్ (వోల్టులు, కరెంటు కొలిచేది) షాపులోనే ఇచ్చి పెట్టిన. మిక్సీ కోసం వచ్చినప్పుడు అడిగి తీసుకోండి.