ఉంగరాల జుట్టున్న మగపిల్లల గురించి కూడా రాయండి

సంపాదకులకు,

నమస్కారం. మీ పత్రిక కుటుంబ పేజీలో జుట్టు సంరక్షణ గురించి వచ్చే వ్యాసాలను చాలా కాలంగా చదువుతున్నాను. అవి దాదాపు అన్నీ స్త్రీలను ఉద్దేశించి రాసినవే. మగవారి దగ్గరికి వచ్చేసరికి బట్టతల, తెల్ల వెంట్రుకలు అనే రెండు విషయాలతోనే మాట ముగిసిపోతుంది. ఉంగరాల జుట్టుతో పుట్టి, దాన్ని మెడ దాకానో భుజాల దాకానో పెంచుకోవాలనుకునే యువకుడికి ఎలాంటి కత్తిరింపు నప్పుతుందో, మన బోరునీళ్లతో ఆ జుట్టును ఎలా కాపాడుకోవాలో చెప్పేవారు ఇంట్లోనూ లేరు, బయటా లేరు. ఈ లోటు వల్ల పిల్లలకు జరుగుతున్న హాని చిన్నది కాదని నల్లగొండలో జీవశాస్త్రం బోధించే అధ్యాపకుడిగా, స్వయంగా ఉంగరాల జుట్టు పెంచుకున్నవాడిగా నేను గమనించాను కాబట్టి ఈ లేఖ రాస్తున్నాను.

వెంట్రుక మెలిక తిరగడానికి అశ్రద్ధ కారణం కాదు. చర్మం లోపల వెంట్రుక కుదురు గుండ్రంగా, నిటారుగా ఉంటే జుట్టు సాఫీగా వస్తుంది. కుదురు కోలగా, వంపు తిరిగి ఉంటే వెంట్రుక పుట్టుకతోనే మెలిక పడుతుంది. వెంట్రుకలోని కెరటిన్ అనే మాంసకృత్తులో ఉండే గంధకపు బంధాలు ఆ మెలికను నిలిపి ఉంచుతాయి. తలలో సహజంగా ఊరే నూనె సాఫీ జుట్టు వెంట చివరి దాకా సులువుగా దిగుతుంది గానీ మెలికల జుట్టులో అంత దూరం దిగలేదు. అందుకే ఉంగరాల జుట్టున్నవారికి మాడు జిడ్డుగా ఉన్నా కొసలు ఎండిపోయి ఉంటాయి. ఎండిన ఆ జుట్టును పొద్దున్నే సన్నపళ్ల దువ్వెనతో బలంగా దువ్వితే ఉంగరాలు విడిపోయి, వెంట్రుకలు దేనికది లేచి నిలబడతాయి. చూసేవారు దాన్నే నిర్లక్ష్యం అనుకుంటారు. నిజానికి ఆ పిల్లవాడు అందరికంటే ఎక్కువసేపే దువ్వుకుని ఉంటాడు.

మగవాడు జుట్టు పెంచడం మన నేలకు కొత్తేమీ కాదు. క్రాపు రాకముందు మన తాతముత్తాతలు సిగ ముడుచుకున్నవారే. నార్కట్‌పల్లి దగ్గర చెరువుగట్టు మీద మనం మొక్కే రామలింగేశ్వరుడు జడల దేవుడు. కృష్ణా తీరాన వెలసిన బౌద్ధ శిల్పంలో బుద్ధుడి తల మీద చిన్న చిన్న ఉంగరాలే కనిపిస్తాయి. మన కాలానికి వస్తే, హైదరాబాద్‌లో క్షిపణి పరిశోధనకు నాయకత్వం వహించి, 2002 నుంచి 2007 దాకా రాష్ట్రపతిగా పనిచేసిన అబ్దుల్ కలాం తన పొడవాటి జుట్టును చివరి దాకా అలాగే ఉంచుకున్నారు. తబలా విద్వాంసుడు జాకిర్ హుస్సేన్ ఉంగరాల జుట్టును చూసి ఆయన సాధనను శంకించినవారు ఎవరూ లేరు. క్రమశిక్షణను జుట్టు పొడవుతో కొలవడం సరికాదని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణలు అక్కరలేదు.

అయినా మన కళాశాలలు కొలుస్తూనే ఉన్నాయి. మా అన్న కొడుకు మా ప్రాంతంలోని ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో ఇంటర్ చదువుతుండగా, జుట్టు సాపు చేసుకుని వస్తేనే తరగతిలోకి రానిస్తామని గేటు దగ్గర ఆపేశారు. వాడి జుట్టు అప్పటికి చెవుల కింది దాకా కూడా రాలేదు. కత్తిరించుకోవడం ఇష్టం లేక వాడు ఇంట్లో చెప్పకుండా ఒక పార్లర్‌కు వెళ్లి స్మూతెనింగ్, అంటే మందు పెట్టి జుట్టును సాఫీ చేయించడం, చేయించుకుని వచ్చాడు. మందు వాసనకు ఆ రాత్రంతా కళ్లు మండాయన్నాడు. కొన్ని నెలలకు కుదుళ్ల దగ్గర కొత్తగా ఉంగరాల జుట్టు పెరిగింది, కింద పాత జుట్టు గడ్డిపోచల్లా సాఫీగా వేలాడింది, ఆ రెండూ కలిసేచోట వెంట్రుకలు తుంచినట్టు తెగిపోవడం మొదలైంది. దువ్వెనకు వచ్చిన వెంట్రుకలను అరచేతిలో పెట్టుకుని వాడు నాకు చూపించినప్పుడు, సగం వంకరగా, సగం తిన్నగా ఉన్న ఆ పోగులను చూసి నాకు కోపం వచ్చింది. పిల్లవాడి మీద కాదు.

ఈ రసాయనాల సంగతి తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవాలి. జుట్టును సాఫీ చేసే కొన్ని మందుల్లో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది, లేదా వేడి చేసినప్పుడు అందులోంచి వెలువడుతుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2004లోనే దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. అది లేదని చెప్పి అమ్మే కొన్ని మందుల్లో గ్లైఆక్సిలిక్ ఆమ్లం ఉంటుంది. అలాంటి మందుతో జుట్టు సాఫీ చేయించుకున్న ప్రతిసారీ మూత్రపిండాలు దెబ్బతిన్న 26 ఏళ్ల యువతి ఉదంతాన్ని ఫ్రాన్స్ వైద్యులు 2024లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించారు. పదిహేడేళ్ల పిల్లవాడిని అలాంటి మందు దగ్గరికి తోసే నిబంధన ఏ రకంగా క్రమశిక్షణ అవుతుందో యాజమాన్యాలే చెప్పాలి.

ఇక కత్తిరింపు విషయం. ఉంగరాల జుట్టు తడిగా ఉన్నప్పుడు పొడవుగా సాగి, ఆరాక పైకి ముడుచుకుంటుంది. తడిగా భుజాన్ని తాకిన ఉంగరం ఆరేసరికి చెవితమ్మె దగ్గరికి చేరవచ్చు. కాబట్టి నీళ్లు చల్లి, దువ్వెనతో లాగి పట్టుకుని కత్తిరిస్తే అనుకున్నదానికంటే చాలా పొట్టి అయిపోతుంది. ఆరిన జుట్టులో ఉంగరం ఎక్కడ ఆగుతుందో చూసి కత్తిరించడమే మంచిది. అంతా ఒకే పొడవు ఉంచితే పైన అణిగిపోయి, కింద వెడల్పుగా గొడుగు విప్పినట్టు కనిపిస్తుంది. అందుకే పొరలు పొరలుగా, పైన కొంచెం పొట్టిగా, కిందికి పోనుపోను పొడవుగా తీయించుకోవాలి. ఒత్తు తగ్గిస్తామని పళ్ల కత్తెర వాడితే మధ్యలో తెగిన పొట్టి వెంట్రుకలు పైకి లేచి జుట్టు ఇంకా చెదురుతుంది. అది వద్దని ముందే చెప్పాలి. గుండ్రటి ముఖానికి పైన ఎత్తు, పక్కల తక్కువ ఒత్తు నప్పుతాయి. కోలముఖానికి పక్కల నిండుగా ఉంటే బాగుంటుంది. నుదురు వెడల్పుగా ఉన్నవారు ముందు రెండు మూడు ఉంగరాలను కిందికి పడనివ్వవచ్చు. నడినెత్తిన జుట్టు పలచబడినవారికి మాత్రం పొడవు పెంచమని నేను చెప్పను, ఎందుకంటే పొడవు పెరిగేకొద్దీ ఆ పలచన ఇంకా బయటపడుతుంది.

జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఉంగరాల జుట్టు ముడుచుకోవడం వల్ల అంత కూడా పెరిగినట్టు కనిపించదు. చెవుల మీదికి వచ్చి, వెనక్కి కట్టడానికి మాత్రం అందని ఆ మధ్యకాలంలోనే చాలామంది విసిగిపోయి గీయించేసుకుంటారు. అప్పుడు మెడ మీది జుట్టును, చెవుల వెనక జుట్టును మాత్రం రెండు నెలలకోసారి సరిచేయించుకుంటూ, పైభాగాన్ని పెరగనిస్తే ఏ ఇంటర్వ్యూకైనా, ఏ పెళ్లికైనా మర్యాదగానే కనిపిస్తారు.

అన్నిటికంటే మన దగ్గర కష్టమైనది నీళ్ల సమస్య. నల్లగొండ అనగానే ఫ్లోరైడ్ గుర్తుకొస్తుంది గానీ, జుట్టు గరుకెక్కడానికి అసలు కారణం బోరునీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం. మన మగవారిలో చాలామంది ఒంటికి రుద్దుకునే సబ్బుతోనే తల కూడా రుద్దుకుంటారు. ఆ సబ్బు కఠినమైన నీళ్లతో కలిసి తెల్లటి తెట్టుగా మారుతుంది. బకెట్ అంచున కట్టే ఆ తెట్టే వెంట్రుకల మీదా కడుతుంది. సాఫీ జుట్టున్నవారు దువ్వి కొంత వదిలించుకోగలరు, మెలికల్లో మాత్రం అది ఇరుక్కుపోతుంది. ముందుగా తలకు సబ్బు మానేయాలి. కుంకుడుకాయలోని నురగనిచ్చే పదార్థం ఇలా తెట్టు కట్టదు కాబట్టి మన పెద్దల అలవాటు ఇక్కడ సరైనదే. అయితే నానబెట్టి పిసికిన రసాన్ని గుడ్డలో వడకట్టాలి, లేకపోతే తొక్కు ముక్కలు ఉంగరాల్లో చిక్కుకుంటాయి. ఘాటు తక్కువగా ఉండే షాంపూ అయినా ఫరవాలేదు, దాన్ని మాడుకే రుద్ది, కొసలకు జారే నురగతోనే సరిపెట్టాలి. వారానికి రెండుసార్లు తలస్నానం చాలు. తల రుద్దడం బోరునీళ్లతో అయినా, ఆఖరున రెండు చెంబులు మిషన్ భగీరథ నల్లా నీళ్లో వాననీళ్లో పోసుకుంటే తేడా చేతికే తెలుస్తుంది. అవి దొరకనిచోట బోరునీళ్లనే మరగబెట్టి, చల్లారాక తేర్చి వాడుకోవచ్చు. గిన్నె అడుగున మిగిలే తెల్లటి పొర మీ జుట్టుకు పట్టకుండా తప్పించిందే.

చిక్కు తీయడం తడిలోనే జరగాలి. కండిషనర్ రాసి, ముందు వేళ్లతో, తరువాత పళ్లు ఎడంగా ఉన్న దువ్వెనతో, కొసల నుంచి మొదలుపెట్టి మెల్లగా కుదుళ్ల వైపు వెళ్లాలి. పైనుంచి లాగితే చిక్కులన్నీ కిందికి చేరి ముడిపడతాయి. మనిషికి రోజుకు 50 నుంచి 100 దాకా వెంట్రుకలు రాలడం సహజం. వారానికి రెండుసార్లే దువ్వేవారికి ఆ రాలిన వెంట్రుకలన్నీ ఒకేసారి చేతికి వస్తాయి కాబట్టి బట్టతల వస్తున్నదని బెంగపడనక్కరలేదు. తువ్వాలుతో రుద్దడం మానేసి, పాత నూలు పంచెతోనో బనియన్‌తోనో అద్దుకోవాలి. తరువాత ఆరేదాకా దువ్వెన ముట్టుకోకూడదు.

ఉంగరం నిలవడానికి ఖరీదైన జెల్ అవసరం లేదు. గుప్పెడు అవిసె గింజలను రెండు గ్లాసుల నీళ్లలో వేసి, కోడిగుడ్డు తెల్లసొన చిక్కదనం వచ్చేదాకా కాచాలి. వేడిగా ఉండగానే పలచని గుడ్డలో వడకట్టాలి, చల్లారితే గుడ్డలోంచి దిగదు. ఆ జిగురును తడి జుట్టుకు పట్టించి, తల వంచి, ఉంగరాలను కింది నుంచి గుప్పిట్లోకి తీసుకుని నొక్కి వదలాలి. ఆరాక జుట్టు కొంచెం పెళుసుగా అనిపిస్తుంది. చేతులతో మెల్లగా నలిపితే ఆ పెళుసుదనం పోయి ఉంగరం మిగులుతుంది. ఫ్రిజ్‌లో పెడితే ఆ జిగురు వారం దాకా వాడుకోవచ్చు. రాత్రి పడుకునేటప్పుడు నూలు గలీబు జుట్టును రాపిడి చేస్తుంది కాబట్టి, ఇంట్లో చినిగిన పట్టుచీర ఉంటే దాని ముక్కను దిండుకు చుట్టుకోవచ్చు. గద్వాల, నారాయణపేట చీరలున్న ఇళ్లకు ఇది కష్టమైన పని కాదు.

నూనె విషయంలో ఒక మాట. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకి, మాంసకృత్తు నష్టాన్ని తగ్గిస్తుందని 2003లో వెలువడిన ఒక పరిశోధన చూపింది. అది కొబ్బరినూనె అమ్మే సంస్థలో పనిచేసేవారు చేసినదని గుర్తుంచుకుంటూనే, తలస్నానానికి ముందు కొంచెం రాసుకోమని నేను సలహా ఇస్తాను. పాలమూరు, నల్లగొండ మెట్ట చేలల్లో ఆముదం మన సొంత పంట, పాలెం పరిశోధనా కేంద్రం దానిపై ఏళ్లుగా పనిచేస్తున్నది. వంటాముదం మీద మన ఇళ్లలో ఉన్న నమ్మకం నాకు తెలుసు. కానీ అది మరీ చిక్కటి నూనె. పొడవాటి ఉంగరాల జుట్టుకు ఉత్త ఆముదం దట్టిస్తే వెంట్రుకలు ఒకదానికొకటి అంటుకుని విడదీయలేని ముద్ద కావచ్చు. కొబ్బరినూనెలో నాలుగైదు చుక్కలు కలిపి, కొసలకు మాత్రమే రాయాలి. చుండ్రు ఉన్నవారు నూనెతో అది తగ్గుతుందనుకోవద్దు, చర్మవైద్యులను అడిగి కీటోకోనజోల్ షాంపూ వాడుకోవాలి.

తడి జుట్టు మీద హెల్మెట్ పెట్టుకోకూడదు, లోపల పలచటి నూలు గుడ్డ కట్టుకుంటే చెమట పీలుస్తుంది. జుట్టును రోజూ బిగించి ముడి వేస్తే నుదుటి అంచున కుదుళ్లు శాశ్వతంగా దెబ్బతినవచ్చు. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లోనో, లేత్ యంత్రాల దగ్గరో పనిచేసే యువకులు మాత్రం జుట్టును కట్టి, పైన టోపీ పెట్టుకోవలసిందే. అక్కడ అందం కంటే ప్రాణం ముఖ్యం.

నేను కోరేవి మూడే. మీ పత్రిక కుటుంబ పేజీలో మగవారి జుట్టుకు కొంత చోటు ఇచ్చి, నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ వైద్య కళాశాలల చర్మవ్యాధుల వైద్యుల చేత పాఠకుల ప్రశ్నలకు జవాబులు రాయించండి. మన నాయీ బ్రాహ్మణ సోదరుల చేతిలో నైపుణ్యానికి కొదవ లేదు, ఉంగరాల జుట్టు కత్తిరింపులో శిక్షణ ఏర్పాటు చేయమని వారి సంఘాల ద్వారా ప్రభుత్వాన్ని అడిగించండి. కళాశాలల యాజమాన్యాలు ఈ జూన్‌లో ప్రవేశాలకు ముందే తమ నిబంధనలు తిరగరాసి, జుట్టు శుభ్రంగా ఉందా, ప్రయోగశాలలో కట్టుకుని వస్తున్నారా అన్నది మాత్రమే చూడాలని, ఏ పిల్లవాడినీ జుట్టు కారణంగా గేటు బయట నిలబెట్టకూడదని మీ పత్రిక ద్వారా విజ్ఞప్తి చేస్తున్నాను.

ఇట్లు,
ఒక జీవశాస్త్ర అధ్యాపకుడు,
నల్లగొండ