చేపల లోడు తోలే డ్రైవర్ల నిద్ర గురించి రవాణా మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి మండిపల్లి రాంప్రసాద్ రెడ్డి గారికి నమస్కారమండి.

నేను కైకలూరు నుంచి హౌరాకి 22 ఏళ్ళు చేపల లోడు తోలాను, ఇప్పుడు మానేశా. చెరువు మీద పట్టుబడి అయ్యాక చేపకి ఐసు కొట్టి పెట్టెలు బండికెక్కిస్తారు, ఇక అప్పట్నుంచి ఐసు కరుగుతూనే ఉంటది, అక్కడ మార్కెట్ టైముకి దిగకపోతే రేటు పడిపోద్ది, ఆ తేడా మా బత్తాలోంచే కోసేవాళ్ళు. సుమారు 1200 కిలోమీటర్లండి. నిద్రెక్కడిది?

ఒక రాత్రి మూడున్నరకి టెక్కలి దాటాక కళ్ళు తెరుచుకునే ఉన్నాయి గానీ రోడ్డు కనపళ్ళేదు నాకు. ముందు ఒక టిప్పర్ ఆగిపోయి ఉంది, వెనక లైటు లేదు, నాలుగు రాళ్ళూ ఒక చెట్టు కొమ్మా పెట్టారంతే, ఆ కొమ్మ నా టైరు కింద విరిగిన చప్పుడుకి మెలకువొచ్చి స్టీరింగ్ కోసేశా. నేను బతికాను. నా దగ్గర క్లీనర్‌గా చేరి డ్రైవరైన మా ఊరి కుర్రోడు తర్వాత ఏడాది అలాంటి బండి వెనకే దూరిపోయాడు. డ్రైవర్ నిర్లక్ష్యం అని కేసు రాశారు. ముందు రెండు రాత్రులు వాడు పడుకోలేదని ఎవరూ రాయలేదండి.

రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలే తోలించాలని 1961 నాటి మోటార్ రవాణా కార్మికుల చట్టంలోనే పెట్టారు, అది కూడా ఐదుగురు, అంతకు మించి పనివాళ్ళున్న చోటికే రాశారు, ఒక బండి రెండు బండ్లు ఉన్న ఓనర్ల దగ్గర ఆ లెక్క ఎవరూ చూడరు, మావైపు ఎక్కువ మంది ఆ ఓనర్లే. వేరే రాష్ట్రాలకి తిరిగే నేషనల్ పర్మిట్ బండికి ఇద్దరు డ్రైవర్లు ఉండాలన్న రూలు కూడా 2018లో తీసేశారు. క్లీనర్లని పెట్టడం ఎప్పుడో మానేశారు, ఇప్పుడు రాత్రంతా క్యాబిన్లో ఒక్కడే.

పోలీసులు అర్ధరాత్రి బండ్లాపి మొహం కడిగించి పంపుతున్నారు, వాళ్ళకి దండం పెడతాను, కానీ పది నిమిషాలకే మళ్ళీ రెప్పలు వాలిపోతాయి సార్. పడుకుందామంటే చీకట్లో ఆపితే డీజిలు తీసేస్తారు, బ్యాటరీలు పట్టుకుపోతారు, అందుకే ధాబా నిండిపోతే రోడ్డు పక్కనే ఆపేస్తారు, అదే ఇంకో డ్రైవర్ ప్రాణం మీదకొస్తది. లైట్లూ వాచ్‌మన్నూ బాత్రూమూ ఉండే లారీ పార్కింగ్ మన హైవే పొడుగునా కావాలండి, ఏసీ గదులు అడగట్లేదు.

ఇంకొకటి, ఇది మీరే కేంద్ర రవాణా మంత్రి గడ్కరీ గారి దాకా తీసుకెళ్ళాలి. ప్రతి టోల్ గేట్లో బండి దాటిన టైము ఫాస్టాగ్‌లో నమోదవుతుంది కదా, ఉంగుటూరు గేటు సాయంత్రం దాటిన బండి తెల్లారకముందే ఇచ్ఛాపురం దగ్గర గేటు దాటిందంటే, అందులో ఒక్కడే ఉంటే, వాడు ఎక్కడా నడుం వాల్చలేదనేగా? ఆ లెక్క సర్కారు దగ్గరే ఉంది, ఎవరూ చూడట్లేదు. చూసి ఫైన్ మాత్రం డ్రైవర్‌కి వెయ్యొద్దండి, వాడి చేతిలో ఏం లేదు. టైము పెట్టింది ఓనరూ, సరుకు పార్టీ, పిలిచి వాళ్ళని అడగండి, రెండో డ్రైవర్ని ఎందుకు పెట్టలేదని.

వీలుంటే ఒక్క రాత్రి, ముందుగా ఎవరికీ చెప్పకుండా, ఐసు లోడు బండిలో మడపాం టోల్ గేటు నుంచి ఇచ్ఛాపురం దాకా డ్రైవర్ పక్కన కూర్చుని రండి సార్.

ఇట్లు,
ఒక చేపల లారీ డ్రైవర్, కైకలూరు