కరెంటు పెట్టే ముందు విప్పి చూడు

నిషికసాయి, టోక్యో
జూన్ నెలాఖరు

ప్రియమైన శ్రీనూ,

ముందు ఒక్క మాట. మీ మామయ్య వాడిన ఆ పాత తోషిబా ల్యాప్‌టాప్‌ను కరెంటుకు తగిలించకు. ఆదివారం తీరిగ్గా ప్లగ్గు పెట్టి చూస్తానని రాశావు. ఫోనులో చెబితే "ఒక్కసారి చూస్తే ఏమవుతుందిరా" అంటావని నాకు తెలుసు. అందుకే కారణాలతో సహా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

నువ్వు పంపిన ఫొటోలో ఉన్నది తోషిబా టీ1000. 1987 నాటిది. 4.77 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 512 కేబీ మెమరీ. హార్డ్ డిస్కు లేదు కానీ యంత్రాన్ని నడిపే ఎంఎస్-డాస్ 2.11ను, కరెంటు తీసినా చెరిగిపోని రోమ్ చిప్పులోనే పెట్టారు కాబట్టి ఫ్లాపీ లేకుండానే లేస్తుంది. చక్కని యంత్రం. మీ మామయ్య దాన్ని ఎంతో జాగ్రత్తగా వాడి, గుడ్డలో చుట్టి అటక ఎక్కించారని రాశావు చూడు, నాకు భయం వేసింది అక్కడే. ఈ పాత ల్యాప్‌టాప్‌లు వాడకం వల్ల పాడవడం తక్కువ. వాడకుండా పెట్టేసిన ఏళ్ళలోనే లోపల బ్యాటరీ కారుతుంది, కరెంటును కాసేపు దాచి సర్దే చిన్న డబ్బీలు, అంటే కెపాసిటర్లు, కారుతాయి, ఆ ద్రవం బోర్డు మీద కరెంటు పోయే రాగి గీతలను మెల్లగా తినేస్తుంది. అలాంటి బోర్డుకు కరెంటు ఇస్తే, కారిన ద్రవం మీదుగా వోల్టేజి వెళ్ళకూడని చోటికి వెళుతుంది. అప్పటిదాకా బతికి ఉన్న చిప్పు ఆ క్షణంలో పోతుంది. మళ్ళీ అలాంటి చిప్పు ఎక్కడ దొరుకుతుంది?

ఇవన్నీ ఇంత గట్టిగా చెప్పడానికి కారణం, ఈ వానల్లో నేను అలాంటి యంత్రాన్నే విప్పి కూర్చున్నాను. హార్డ్ ఆఫ్ అని ఇక్కడ పాత సామాన్ల దుకాణాలు ఉన్నాయి. పనిచేస్తుందో లేదో పూచీ లేని వస్తువులను "జంక్" అని చీటీ అంటించి ఒక మూల బుట్టల్లో పెడతారు. అక్కడ దొరికింది ఎన్ఈసీ అనే జపాన్ కంపెనీ వారి పీసీ-9801ఎన్ ల్యాప్‌టాప్. జపాన్‌లో 98 నోట్ అంటారు. దీని వెనక ఒక పోటీ కథ ఉంది. 1989లో తోషిబా ఏ4 కాగితమంత పరిమాణంలో, 2.7 కిలోల బరువుతో డైనాబుక్ తెచ్చింది. ధర 1,98,000 యెన్లు. ఆ రోజుల్లో అది సంచలనం. జపాన్ కంప్యూటర్లలో సగానికి పైగా వాటా తనదైన ఎన్ఈసీ చూస్తూ ఊరుకుంటుందా? అదే ఏడాది చివర్లో 2,48,000 యెన్లకు ఈ 98 నోట్‌ను దింపింది. ఇందులో ఎన్ఈసీ సొంత వీ30 ప్రాసెసర్, 640 కేబీ మెమరీ. దీనికీ హార్డ్ డిస్కు లేదు. బదులుగా డిస్కులా వాడుకునే 1.25 ఎంబీ మెమరీ, అంటే ర్యామ్ డ్రైవు ఉంది, అందులో దాచుకున్నది పోకుండా బ్యాటరీ కాపాడుతుంది. ఆ రోజుల్లో మామూలు ఐబీఎం పీసీకి జపనీస్ రాత పెద్ద తలనొప్పి. కంజి అనే చైనా మూలపు అక్షరాలు, జపాన్ ప్రమాణంలో మొదటి స్థాయివే 2,965. ఎన్ఈసీ వాటి ఆకారాలన్నిటినీ చిప్పులోనే పెట్టి ఇచ్చింది కాబట్టి తెర మీద టకటకా పడేవి. అన్ని వేల అక్షరాలను ఆనాటి మెమరీలో అలా ఇమిడ్చినవాళ్ళ మీద నాకు చెప్పలేనంత గౌరవం.

సరే, పనిలోకి వస్తాను. మొదట అడాప్టర్‌ను విడిగా, వోల్టేజి కొలిచే మల్టీమీటర్‌తో చూశాను. చీటీ మీద రాసిన వోల్టేజే వస్తోంది. నీది కూడా ఇలాగే యంత్రానికి తగిలించకుండా చూడు. మీ మామయ్య దాన్ని ఏ దేశంలో కొన్నారో కనుక్కో. జపాన్‌లో 100 వోల్టులు, అమెరికాలో 120. అక్కడి అడాప్టర్‌ను నేరుగా మన 230కి పెడితే దాని పని అయిపోతుంది.

తర్వాత స్క్రూలు. చాలామంది యంత్రాన్ని పాడుచేసేది ఇక్కడే. జపాన్ స్క్రూల ప్లస్ గాడి జిస్ అనే వాళ్ళ ప్రమాణం ప్రకారం ఉంటుంది. మన దగ్గర దొరికే స్టార్ స్క్రూడ్రైవర్ దానిలో కూర్చున్నట్టే ఉంటుంది కానీ పూర్తిగా కూర్చోదు. బలం పెట్టగానే జారి పైకి వస్తుంది, గాడి అరిగిపోతుంది. వెస్సెల్ అనే ఒసాకా కంపెనీ స్క్రూడ్రైవర్లు సరిగ్గా సరిపోతాయి. ఒక సెట్టు నీకోసం కొని పెట్టాను, మీ తమ్ముడు వచ్చినప్పుడు అతనితో పంపిస్తాను. అంతవరకు పెట్టె మూత ముట్టుకోకు. ప్లాస్టిక్ కూడా పెళుసైపోయి ఉంటుంది, కొక్కేలను గోటితోనో ప్లాస్టిక్ పలకతోనో విడదీయాలి తప్ప ఇనుప ముక్క దూర్చకూడదు. కీబోర్డు రిబ్బన్ కేబుల్‌ను పట్టి లాగేయకు. కనెక్టర్‌కు చిన్న గడియ ఉందేమో చూసి, ఉంటే దాన్ని తెరిచాకే కేబుల్ తియ్యాలి. ప్రతి అడుగుకీ ఫొటో తీసుకో. ఏ స్క్రూ ఎక్కడిదో కాగితం మీద బొమ్మ గీసి, దాని మీదే గుచ్చి పెట్టుకో. పొడవు స్క్రూ పొట్టిదాని చోట బిగిస్తే కింద ఉన్న బోర్డులో దిగుతుంది.

నా యంత్రం మూత తియ్యగానే బ్యాటరీ చుట్టూ ఆకుపచ్చ చిలుము కనిపించింది. నికెల్-కాడ్మియం బ్యాటరీ కారితే వచ్చేది క్షారం. కాబట్టి ముందు బ్యాటరీని తీసేసి, దూదిపుల్లతో కొంచెం వెనిగర్ అద్దాలి. పొంగు తగ్గాక నీళ్ళతో, ఆఖరున ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. చేతులకు తొడుగులు తప్పనిసరి, కాడ్మియం విషం. తీసిన బ్యాటరీని చెత్తబుట్టలో వెయ్యకు, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునేవాళ్ళకు ఇవ్వు.

కెపాసిటర్ల సంగతి ఇంకా ఆసక్తికరం. 80ల చివర్లో, 90ల మొదట్లో చాలా కెపాసిటర్లలో క్వాటర్నరీ అమ్మోనియం లవణాల ద్రవం నింపారు. చిన్న పరిమాణంలో మంచి పనితనం వస్తుందని ఆశ. కానీ మైనస్ కాలు దగ్గర జరిగే రసాయన చర్యలో అక్కడి ద్రవం గాఢమైన క్షారంగా మారి, రబ్బరు బిరడాను తినేసి బయటికి వస్తుంది. పైకి కెపాసిటర్ నిగనిగలాడుతూనే ఉంటుంది. దాని కాళ్ళ దగ్గర టంకం మెరుపు పోయి మసకబారి ఉంటే అనుమానించు. కాల్చిన సోల్డరింగ్ ఐరన్ ఆనించగానే కుళ్ళిన చేపల వాసన వస్తే ఇక సందేహం అక్కర్లేదు. కిటికీలు తెరిచి పెట్టుకుని పనిచెయ్యి. కొత్త టంకం కొంచెం కలిపి కరిగిస్తే తేలిగ్గా ఊడుతుంది. మొండికేస్తే లాగకు, కింద ఉన్న రాగి రేకు కూడా లేచి వస్తుంది.

కొన్నింటి స్థానంలో టాంటలం అనే లోహంతో చేసిన కెపాసిటర్లు వేశాను. ఇది తప్పక గుర్తుపెట్టుకో: మామూలు అల్యూమినియం కెపాసిటర్ మీద గీత ఉన్న వైపు మైనస్, టాంటలం మీద గీత ఉన్న వైపు ప్లస్. తిరగేసి వేస్తే మంట కూడా రావచ్చు. వోల్టేజి కూడా అవసరమైనదానికి రెట్టింపు తట్టుకునేది ఎంచుకోవాలి.

ఇంతా చేశాక కూడా లైటు వెలగలేదు. బోర్డు పై గీత నుంచి కింది గీతకు పోయే సన్నని రంధ్రాలు చెదలు పట్టిన తలుపుల్లాంటివి, పైకి నిక్షేపంగా కనిపిస్తాయి, లోపల రాగి ఉండదు. మల్టీమీటర్‌ను, దారి తెగకుండా ఉంటే కూసే బజర్ మీద పెట్టి, బ్యాటరీ ఉన్న మూల నుంచి ఒక్కో దారినీ వెతుక్కుంటూ పోయాను. తెగినచోట్ల వార్నిష్ పూసిన సన్నని రాగి తీగ కలిపాను. ఈ పనే అన్నిటికన్నా నాకు ఇష్టం. ముప్పై ఏళ్ళకు పైగా క్రితం ఎవరో ఇంజినీరు గీసిన దారి వెంట నువ్వూ నడుస్తావు, ఇక్కడ ఎందుకు మలుపు తిప్పాడో మెల్లగా అర్థమవుతుంది.

ఆ తర్వాత స్విచ్చి జరిపితే "పిపో" అంది! ఎన్ఈసీ 98 వరుస యంత్రాలు లేవగానే చేసే రెండు స్వరాల చప్పుడు అది. ఆ తరం జపనీయులకు ఆ చప్పుడంటే ప్రాణం. తెర మాత్రం చీకటి. ఇక్కడ నిరాశపడకూడదు, చప్పుడు వచ్చిందంటే ప్రాసెసర్, మెమరీ మొదటి మెట్టు దాటినట్టే. టార్చి ఏటవాలుగా వేసి చూడాలి. అక్షరాలు మసకగా కనిపిస్తే పోయింది వెనక దీపం. అస్సలు కనిపించకపోతే తెరకు కాంట్రాస్ట్ ఇచ్చే వోల్టేజి రావడం లేదన్నమాట. నాది రెండోది. తెర మూతలో ఉన్న చిన్న బోర్డు మీద కూడా అవే కెపాసిటర్లు. అవి మార్చాక 640 కేబీ దాకా మెమరీ లెక్కపెట్టి చూపించింది. దీపానికి కరెంటిచ్చే ఇన్వర్టర్ వందల వోల్టులు పుట్టిస్తుంది, అది నడుస్తుండగా వేలు పెట్టకు.

తెర అంచున గోధుమ రంగు మచ్చలు, పుల్లటి వాసన ఉన్నాయి. తెరలో వెలుతురును వడగట్టే పోలరైజర్ పొర ఇక్కడి తేమకు కుళ్ళిపోతోంది. కాకినాడ గాలిలో నీదానికీ ఆ బెడద ఉండవచ్చు. పొర మార్చవచ్చు, కానీ చదవడానికి అడ్డం కానంతవరకు నేను ముట్టుకోను. పసుపెక్కిన ప్లాస్టిక్‌ను పెరాక్సైడ్‌తో తెల్లబరచడం కూడా నాకు ఇష్టం లేదు. దాని వయసు దానికి ఉండనీ.

ఇప్పుడు మిగిలింది ఫ్లాపీ డ్రైవు. డిస్కును చదివే తల జరిగే మరలో గ్రీజు జిగురుగా గట్టిపడింది. తుడిచి కొత్తది రాశాను, తలలను ఆల్కహాల్‌తో శుభ్రం చేశాను. యంత్రంతో వచ్చిన డిస్కుల్లో కొన్నిటి మీద తెల్లటి బూజు ఉంది. అవి పెడితే శుభ్రం చేసిన తల మళ్ళీ పాడవుతుంది, పక్కన పెట్టేశాను. మంచి సిస్టమ్ డిస్కు తయారు చెయ్యడంలో ఇంకో చిక్కు ఉంది. 98 డిస్కులో 77 ట్రాకులు, ఒక్కో ట్రాకులో 1,024 బైట్ల సెక్టార్లు ఎనిమిది, రెండు వైపులా కలిపి 1,232 కేబీ. పైగా నిమిషానికి 360 సార్లు తిరగాలి. మామూలు 1.44 ఎంబీ డ్రైవు తిరిగేది 300 సార్లే, దానితో ఇది రాయలేను. ఈ రెండు వేగాలూ తెలిసిన త్రీ-మోడ్ యూఎస్‌బీ డ్రైవు కోసం శనివారం ఎలక్ట్రానిక్ దుకాణాల పేట అకిహబరా వెళుతున్నాను.

నీ దాని అడుగున ఉన్న చీటీనీ, అడాప్టర్ మీది చీటీనీ దగ్గరగా ఫొటో తీసి పంపు. అత్తయ్యగారికి నా నమస్కారాలు చెప్పు.

నీ
రఘు