'తూ' అనే పిలుపు గురించి, నీకు

చిట్టి తల్లికి,

పోయిన ఆదివారం ఫోన్‌లో "నాన్నా, నువ్వు ఆ సినిమా చూడు, చూశాక నీతో ఒక మాట మాట్లాడాలి" అన్నావు. చూశాను. ఒకసారి కాదు, రెండుసార్లు. ఫోన్ చేసి చెబుదామనుకున్నా కానీ, మనిద్దరం ఫోన్‌లో నాలుగు మాటలు కాగానే "తిన్నావా, మాత్రలు వేసుకున్నావా" దగ్గరికి వచ్చేస్తాం. అసలు మాట అక్కడే ఆగిపోతుంది. అందుకే కాగితం తీసుకున్నాను.

నువ్వు చూడమన్న ఆ హిందీ సినిమా, 'జానే తూ యా జానే నా', 2008 జూలైలో వచ్చింది. అప్పుడు నువ్వు నాలుగో తరగతి. ఆ ఏడాది మా స్కూల్ వార్షికోత్సవంలో పిల్లలు 'పప్పు కాంట్ డాన్స్' పాటకి స్టేజీ ఊగిపోయేలా గంతులేశారు. పాట విన్నాను గానీ సినిమా మాత్రం చూడలేదు. కాలేజీ పిల్లల అల్లరి సినిమా, మనకెందుకులే అనుకున్నాను. అలా అనుకోవడం తప్పే. పదిహేడేళ్లు ఆలస్యంగా చూసినా, ఇంత శ్రద్ధగా ఈ మధ్య ఏ సినిమా చూడలేదు.

ముందు ఆ పేరు సంగతి చెప్పాలి. 1973లో వచ్చిన 'ఆ గలే లగ్ జా'లో కిశోర్ కుమార్ పాట ఒకటుంది. అందులోని మాటలే ఈ సినిమాకి పేరయ్యాయి. నేను హిందీ ప్రచార సభ పరీక్షలకి చదువుకునే రోజుల్లో ఆ పాట రేడియోలో వస్తే, అర్థం రాసుకోవడానికి పెన్సిల్ పట్టుకుని కూర్చునేవాణ్ణి. 'నీకు తెలుసో, తెలియదో' అని అర్థం. ముప్పై ఏళ్లకు పైగా హిందీ పండిట్‌గా పనిచేశాను కదా, ప్రతి జూన్‌లో ఆరో తరగతి పిల్లలకి 'నువ్వు', 'మీరు' అనడానికి వాడే తూ, తుమ్, ఆప్ మాటల తేడా నేర్పేవాణ్ణి. 'ఆప్' పెద్దవాళ్లకి, 'తుమ్' సాటివాళ్లకి, 'తూ' దేవుడికీ తల్లికీ ప్రాణ స్నేహితుడికీ అని చెప్పేవాణ్ణి. ఈ సినిమా అంతా నాకు ఆ మూడో మాట మీదే నడిచినట్టు అనిపించింది. కథలోని ఇద్దరు స్నేహితులు జై, అదితి ఒకళ్లనొకళ్లు 'రాట్స్' అనీ 'మ్యావ్' అనీ పిలుచుకుంటారు. ఎలుకా పిల్లీ. పెళ్లి మాట పెద్దవాళ్లు ఎత్తితే పగలబడి నవ్వుతారు. మేం స్నేహితులం అంటారు. నీకు పిల్లని నేను వెతుకుతా, నాకు పిల్లాణ్ణి నువ్వు వెతుకు అనుకుంటారు. అక్కడి నుంచే కథ.

అదితిగా చేసిన జెనీలియాని మనవాళ్లకి కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు. 2006లో 'బొమ్మరిల్లు' హాసినిగా మనింట్లో మనిషైపోయింది. ఇంకో సంగతి నీకు తెలిసుండదు. 2000లో 'నువ్వే కావాలి' వచ్చింది. అదీ చిన్ననాటి స్నేహం ప్రేమగా మారే కథే. నిన్ను ఒళ్లో పడుకోబెట్టుకుని మీ అమ్మా నేనూ హాల్లో చూశాం. ఆ సినిమానే దర్శకుడు విజయభాస్కర్ హిందీలో 'తుఝే మేరీ కసమ్'గా 2003లో తీశాడు. జెనీలియాకీ రితేశ్ దేశ్‌ముఖ్‌కీ అదే మొదటి సినిమా. 2012లో వాళ్లిద్దరూ పెళ్లి చేసుకున్నారు. ఇది మీ అమ్మకి చెప్పినప్పుడు, సొంత చుట్టాలింట్లో పెళ్లయినంత సంతోషపడింది.

ఇప్పుడు ఆ ఫోటో సంగతి. జై వాళ్ల నాన్న చనిపోయుంటాడు, గోడ మీది ఫోటోలో ఉంటాడు. జై వాళ్ల అమ్మ సావిత్రి ఆ ఫోటోతో మాట్లాడుతుంది, ఫోటో తిరిగి మాట్లాడుతుంది. కొడుకుని పెంచే తీరు మీద వాదన. ఆయన మాటకి మాట అంటాడు, ఆమె నోరు మూయిస్తుంది. ఫోటోలో ఉన్నది నసీరుద్దీన్ షా, సావిత్రి రత్నా పాఠక్ షా. బయట కూడా భార్యాభర్తలే. ఆ మాటల్లో చనువు నటనతో వచ్చేది కాదు. అందరూ ఆ సీన్లకి నవ్వుతారట. నేను మొదటిసారి అక్కడ ఆపేసి లేచి వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగాను. ఈ నాలుగేళ్లుగా పొద్దున కాఫీ కలుపుకుని మీ అమ్మ ఫోటో దగ్గర నేను చేస్తున్నదీ అదే. కరెంటు బిల్లు ఎంతొచ్చిందో, నువ్వు ఏం చెప్పావో చెబుతాను. ఎవరికీ చెప్పలేదు, నీకే చెబుతున్నా. అలా మాట్లాడేవాళ్లు ఇంకెవరైనా ఉంటారా అనుకునేవాణ్ణి. ఉంటారని ఆ సినిమా తీసిన అబ్బాస్ టైర్‌వాలాకి తెలుసు. దర్శకుడిగా అతని మొదటి సినిమా అంటే నమ్మలేకపోయాను.

మీ అమ్మ నన్ను ఒక్క రోజు తప్ప జీవితమంతా 'మీరు' అనే అంది. నువ్వు నన్ను 'నువ్వు' అన్నావు, తను అనలేదు. 1994లో మా పెళ్లి. పెళ్లిచూపుల్లో పావుగంట, ముహూర్తం నాడు పీటల మీద, అంతే మాకున్న పరిచయం. మాది ముందు పెళ్లి, తరవాత స్నేహం. ఆ స్నేహం ఎప్పుడు కుదిరిందో తేదీతో సహా చెప్పగలను. 2009 అక్టోబర్ 2. తుంగభద్ర కర్నూలు మీద పడిన రోజు. నీకు మేడ మీద వానలో కూర్చున్నది గుర్తుండే ఉంటుంది. నీళ్లు గడప దాటాక నేను సర్టిఫికెట్ల పెట్టె కోసం కిందికి దిగాను. మోకాళ్ల నుంచి నడుము దాకా రావడానికి ఎంతోసేపు పట్టలేదు. మెట్ల మీద నిలబడి మీ అమ్మ గొంతు చించుకుని అరిచింది: "ఆ కాగితాలు పోతే పోనీ, నువ్వు పైకి రా! నువ్వు రా ముందు!" పదిహేనేళ్లలో మొదటిసారి 'నువ్వు'. పెట్టె వదిలేసి వచ్చాను. నా హిందీ ప్రవీణ పరీక్ష సర్టిఫికెట్ బురదలో కలిసింది, తరవాత డూప్లికేట్ తెప్పించుకున్నాను. మర్నాటికి తను మళ్లీ 'మీరు' అంది గానీ, ఆ రోజు నుంచి నాకు తను వేరే మనిషి. జీతం సంగతి, మా అన్నదమ్ముల గొడవలు, స్కూల్లో నాకు జరిగిన అవమానం, అంతకుముందు చెప్పనివన్నీ చెప్పడం మొదలుపెట్టాను.

మాకు పదిహేనేళ్లు పట్టిన చోట జై, అదితి మొదటి రీల్లోనే ఉంటారు. అదితి పిల్లి చచ్చిపోయి ఏడుస్తుంటే, ఆమెని నవ్వించడానికి జై, మిగతా స్నేహితులు చుట్టూ చేరి 'కభీ కభీ అదితి' పాడతారు. పిల్లి కోసం ఏడుస్తోందని ఎవరూ తీసిపారెయ్యరు. రహమాన్ ఆ పాటని అరుపులు లేకుండా, పక్కన కూర్చుని వీపు నిమిరినట్టు కట్టాడు. ఈ సినిమాలో నాకు ప్రేమ కనిపించింది అక్కడ. చివర్లో ఎయిర్‌పోర్టులోకి గుర్రమెక్కి వచ్చేది నాకు అంతగా పట్టలేదు.

ఆ గుర్రం దగ్గరే నాకు సినిమాతో పేచీ. మొగుడు పౌరుషాలకి పోయి ప్రాణం పోగొట్టుకున్నాడని సావిత్రి కొడుకుని కొట్లాటలకి దూరంగా పెంచుతుంది. క్లబ్బులో మేఘనని, అంటే తరవాత జై ఇష్టపడే అమ్మాయిని, ఇద్దరు వేధిస్తుంటే జై చెయ్యెత్తకుండా తెలివితోనే తప్పిస్తాడు. ఎంత బాగుందో. అదితికి మాత్రం మగాడంటే కొట్లాటకి వెనకాడనివాడు అని ఒక ఊహ. అలాంటివాణ్ణే, సుశాంత్‌ని, ఒప్పుకుంటుంది. వాడి చెయ్యి చివరికి ఆమె చెంప మీదే పడుతుంది. ఇక్కడిదాకా దర్శకుడు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఆ తరవాతే దారి తప్పాడు. జై వాళ్ల రాథోడ్ వంశంలో పుట్టినవాడు మగాడు కావాలంటే ఒకణ్ణి కొట్టాలి, జైలుకి వెళ్లాలి, గుర్రమెక్కాలి అని షరతులు. జై ఆ మూడూ చేసేస్తాడు, హాలంతా చప్పట్లు కొట్టేలా తీశారు. మరి సావిత్రి ఇన్నేళ్లు పడ్డ కష్టం?

నేను పల్లె బడుల్లో పనిచేసిన రోజుల్లో ఫ్యాక్షన్ అంటే ఏమిటో దగ్గర్నుంచి చూశాను. తండ్రి పోయిన పిల్లాడు వారం తరవాత బడికి వచ్చి చివరి బెంచీలో కూర్చునేవాడు, ఏ పాఠం చెప్పాలో నాకు తెలిసేది కాదు. కొడుకు ఆ పగలో పడకూడదని ఊరూ పొలమూ వదిలేసి కర్నూలు వచ్చి, కుట్టుమిషను పెట్టుకుని చదివించుకున్న తల్లులు నాకు తెలుసు. వాళ్లు సావిత్రికంటే తక్కువేమీ కాదు. చివరికి రక్తమే గెలుస్తుంది అనే ముగింపు వాళ్లకి చూపించలేను. ఇది హాస్యం, అంత పట్టించుకోకు అంటావేమో. పట్టించుకుంటాను. నా ముందు కూర్చున్న పిల్లలు వాళ్లు.

మేఘన విషయంలో కూడా మనసు చివుక్కుమంది. వాళ్ల అమ్మానాన్న రోజూ తగువులాడుకునే ఇంట్లో పెరిగి, కనిపించిన వస్తువునల్లా ఇంకోటిగా ఊహించుకుంటూ బతుకుతున్న పిల్ల. జై ఆమెని విడిచిపెట్టాక ఆ పిల్ల ఏమైందో కాస్త నిలబడి చూడాల్సింది.

అదితి తమ్ముడు అమిత్ మాత్రం నాకు బాగా నచ్చాడు. ప్రతీక్ బబ్బర్‌కి ఇదే మొదటి సినిమా. గదిలోంచి బయటికి రాడు, బొమ్మలు వేసుకుంటుంటాడు, కానీ అక్క మనసులో ఏముందో అక్కకంటే ముందు వాడికే తెలుస్తుంది. కథ చెప్పేది కూడా ఎయిర్‌పోర్టులో కూర్చున్న స్నేహితులే కదా. వాళ్లిద్దరికి తప్ప అందరికీ ముందే తెలుసు.

అమ్మా, నాకూ తెలుసు.

మీ అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు మూడు రాత్రులు వార్డు బయట బల్ల మీద పడుకున్నాడు నీ స్నేహితుడు. నువ్వు అతన్ని "ఒరేయ్" అంటావు, అతను నిన్ను "ఏమే" అంటాడు. మొదట్లో నాకు ఆ పిలుపులు ఇబ్బందిగా ఉండేవి. రెండో రోజు పొద్దున ఉగ్గాని, బజ్జీ పొట్లం తెచ్చి నీ చేతికిస్తూ "పుట్నాల పొడి ఎక్కువ వెయ్యమన్నానే, తిను" అన్నాడు. ఆ పొట్లం పట్టుకునే నువ్వు మొదటిసారి ఏడ్చావు. అప్పటిదాకా నా ముందు ఏడవలేదు. లోపల మంచం మీద నుంచి మీ అమ్మ అంతా చూస్తోంది. ఆ రాత్రి నాతో, "ఆ పిల్లాడు మంచోడండీ" అంది. అంతకుమించి ఏమీ అనలేదు, నేనూ అడగలేదు. అడగాల్సింది.

నాకు కులం పట్టింపు లేదని గొప్పలు చెప్పను. మీ పెదనాన్నలు ఏమంటారో అని టెన్షన్ ఉంది, రాత్రి నిద్ర పట్టలేదు. ఆ టెన్షన్ నేను పడతాను, నువ్వు పడొద్దు. నీ మనసులో ఉన్నది నేననుకున్నది కాకపోతే, అదీ చెప్పు. స్నేహం స్నేహంగానే ఉంటే నాకేమీ బాధ లేదు. నీ కోసం నేనే ఊహించుకుని నిర్ణయాలు తీసుకునే నాన్నని కాదలచుకోలేదు, అందుకే అడుగుతున్నాను.

అనంతపురం సంబంధం వాళ్లు గురువారం ఫోన్ చేస్తామన్నారు. అంతకుముందే, బుధవారం రాత్రి నాకు ఫోన్ చెయ్యి. తిన్నావా అని అడగను. దసరాకి వచ్చేటప్పుడు, నువ్వు సరేనంటే, అతన్నీ రమ్మను. ఉగ్గాని నేనే చేస్తాను. బొరుగులు ఎంతసేపు నానబెట్టాలో మీ అమ్మ చేతిరాతతో డబ్బా మీద రాసే ఉంది.

ప్రేమతో,
నాన్న