సదస్సులో చెప్పిన మాట జిల్లా ఆసుపత్రి దాకా రావాలి: ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

మా బాబుకి తొమ్మిదేళ్లు. వాడికి డ్యుషెన్ మస్క్యులర్ డిస్ట్రఫీ (డీఎండీ), అంటే కండరాలు ఏడాదికేడాది క్షీణించిపోయే జబ్బు. పుట్టుకతోనే ఉన్నా మాకు తెలిసింది వాడి ఏడో ఏట. మూడేళ్లప్పుడే ఊరికే పడిపోయేవాడు, రెయిలింగ్ పట్టుకుని ఒళ్లంతా లాక్కుంటూ మెట్లెక్కేవాడు, నేల మీంచి లేవాలంటే ముందు మోకాళ్ల మీద, తర్వాత తొడల మీద చేతులు ఆనించి, తన ఒంటి మీద తనే పాకుతున్నట్టు లేచేవాడు. పిక్కలు లావుగా, గట్టిగా ఉండేవి. పిల్లాడు బలంగా ఉన్నాడని మా అత్తయ్య మురిసిపోయేది. నాలుగేళ్లలో అయిదుగురు డాక్టర్లకి చూపించాం. ఒకరు కాల్షియం సిరప్ రాశారు, ఒకరు బూట్లు మార్చమన్నారు, ఇంకొకరు కొందరు పిల్లలు లేటుగా కుదురుకుంటారులే అన్నారు. కండరాలు దెబ్బతింటున్నాయేమో చెప్పే, కొన్ని వందల రూపాయలతో అయిపోయే సీపీకే రక్తపరీక్ష ఒక్కరూ రాయలేదు.

వాళ్ల మీద కోపంతో రాయడం లేదు. పోయిన ఏడాది హైదరాబాద్‌లో నరాల, కండరాల జబ్బుల మీద డాక్టర్ల సదస్సు జరుగుతుంటే, అందులో ఒక పూట తల్లిదండ్రుల్ని కూడా రానిస్తున్నారని తెలిసి వెళ్లాను. ఒక డాక్టరమ్మ చిన్న వీడియో వేసింది. అందులో ఎవరో బాబు, అచ్చం మావాడిలాగే లేస్తున్నాడు. పిల్లాణ్ని నేల మీద కూర్చోబెట్టి లేవమనండి, ఇలా లేస్తే ఆలస్యం చెయ్యకుండా సీపీకే చేయించండి అని చెప్పింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. హాల్లో ఉన్నవాళ్లంతా పెద్ద ఆసుపత్రుల న్యూరాలజిస్టులు, వాళ్లకది ముందే తెలుసు. తెలియాల్సింది పీహెచ్‌సీ డాక్టరుకి, బడికొచ్చి పిల్లల్ని పరీక్షించే ఆర్‌బీఎస్‌కే టీముకి, అంగన్‌వాడీ టీచరుకి. నేను అడిగి చూశాను, వాళ్లలో ఒక్కరూ అక్కడ లేరు. నాకు ఏడుపు ఆగలేదు.

ఇంటికొచ్చాక ఈ సదస్సుల గురించి దొరికినంత చదివాను. 1995లో పెట్టిన వరల్డ్ మజిల్ సొసైటీ ఏటా ఒక దేశంలో కలుస్తుంది, 2024లో ప్రాగ్‌లో కలిశారు. నెదర్లాండ్స్‌లో ఈఎన్‌ఎంసీ అనే సంస్థ అయితే రెండు మూడు రోజుల పాటు ఒకే జబ్బు మీద చిన్న గుంపుని కూర్చోబెడుతుంది, రోగుల తరఫు వాళ్లు కూడా ఆ బల్ల దగ్గరే ఉంటారు. ఈ జబ్బులు అరుదైనవి కాబట్టి ఒక్క ఊళ్లో పేషెంట్లు సరిపోరు, దేశాలు కలిస్తేనే ఏ మందు పనిచేస్తుందో తేలుతుంది. మా బాబు వేసుకునే స్టెరాయిడ్ మాత్రలే చూడండి. రోజూ వెయ్యాలా, పది రోజులు వేసి పది రోజులు ఆపాలా అని డాక్టర్లలో ఏళ్ల తరబడి ఒక మాట లేదు. అయిదు దేశాల్లో 196 మంది పిల్లల మీద పరీక్షించి, రోజూ వెయ్యడమే మేలని 2022లో తేల్చారు. ఇవి కోట్ల మందులు కావు, మన మెడికల్ షాపుల్లో దొరికేవే. జబ్బు నయం కాదు, కానీ నడక మరికొన్నేళ్లు నిలబడుతుంది. సామాన్యంగా నాలుగైదేళ్ల వయసులో మొదలుపెడతారట. మావాడికి ఏడు దాటాక మొదలైంది. పోయిన ఆ రెండు మూడేళ్ల నడక వాడికి ఎవరూ తెచ్చివ్వలేరు.

ఎస్‌ఎంఏ అంటే వెన్నుపాములోని నరాల కణాలు చచ్చిపోయి కండరాలు బలహీనపడే మరో పుట్టుక జబ్బు. ఆ పిల్లల సంగతి ఇంకా తొందర. ఒక పరిశోధనలో, లక్షణాలు రాకముందే, పుట్టిన ఆరు వారాల లోపే నుసినెర్సెన్ అనే మందు మొదలుపెట్టిన 25 మంది పిల్లలూ బతికారు, చాలామంది సొంతంగా నడిచారు. మందు అందకపోతే ఈ జబ్బు తీవ్రమైన రకంలో రెండో పుట్టినరోజు చూసే పిల్లలు తక్కువ. మందులు కొనలేమనే మాట కూడా ఇప్పుడు కొంత మారింది. సీసా ఆరు లక్షలున్న ఎస్‌ఎంఏ మందు రిస్డిప్లామ్‌ని 2025లో మన హైదరాబాద్ కంపెనీ నాట్కో 15,900 రూపాయలకి తెచ్చింది. అదీ మాలాంటి వాళ్లకి భారమే, కాదనను. కానీ పాప మెడ నిలపడం లేదని తీసుకొస్తే ఇది ఎస్‌ఎంఏ కావచ్చని అనుమానించే డాక్టరు జిల్లాలో లేకపోతే, మందు ధర తగ్గీ ఏం లాభం? మనవైపు మేనరికాలు ఎక్కువ, ఎస్‌ఎంఏ లాంటి జబ్బులకి అదీ ఒక దారి.

నేనడిగేది ఇదీ. మన రాష్ట్రంలో ఈ సదస్సులు ఎప్పుడు జరిగినా ప్రతి జిల్లా ఆసుపత్రి నుంచి ఒక పిల్లల డాక్టరుని, పిల్లల లోపాలకి తొలిదశలోనే చికిత్స చేసే జిల్లా కేంద్రం డీఈఐసీ నుంచి ఒక ఫిజియోథెరపిస్టుని ఆన్ డ్యూటీ మీద, ఫీజు, ప్రయాణ ఖర్చులిచ్చి పంపండి. సెలవు పెట్టుకుని, సొంత డబ్బుతో వెళ్లమంటే ఎవరు వెళ్తారు? తిరిగొచ్చాక వాళ్లు ఆర్‌బీఎస్‌కే టీములకి ఒక రోజు శిక్షణ ఇవ్వాలని జీవో ఇవ్వండి. అరుదైన జబ్బులకి హైదరాబాద్‌లోని నిమ్స్, జన్యు పరీక్షలు చేసే సీడీఎఫ్‌డీ కేంద్ర ప్రభుత్వం గుర్తించిన సంస్థలే కదా, నెలకోసారి అక్కడి డాక్టర్లు వీడియోలో జిల్లాల కేసులు చూసేలా చెయ్యండి. ఇంకో మాట, సదస్సుల్లో మా కోసం ఇచ్చే పూట తెలుగులో జరగాలి, వీల్‌చైర్ వెళ్లే హాల్లో జరగాలి. ఆ రోజు నా పక్కన కూర్చున్న తల్లి పదహారేళ్ల కొడుకుని భుజాన ఎత్తుకుని మెట్లెక్కి వచ్చింది, లోపల మాట్లాడిన ఇంగ్లిష్ ఆమెకి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఈ పిల్లలకి ఆపరేషన్ చేస్తే కొన్ని మత్తుమందులు ప్రాణం మీదికి తెస్తాయని అక్కడే చెప్పారు. అది ఆమెకి నేను బయటికొచ్చాక తెలుగులో చెప్పాను. ఆ నెలలోనే కొడుక్కి ఆపరేషన్ ఉందంది.

మీ జవాబు కోసం చూస్తుంటాను.

ఇట్లు,
డీఎండీ ఉన్న ఒక బాబు తల్లి