డిక్కీలో ఏమేం పెట్టుకున్నానంటే

ఆక్స్‌ఫర్డ్,
మే 11, ఆదివారం

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ మేం ముగ్గురం బాగానే ఉన్నాం. పాపకి జలుబు తగ్గింది. అమ్మ మోకాలి నొప్పికి ఇచ్చిన మందులు వేసుకుంటోందా, లేక నొప్పి ఉన్నరోజు వేసుకుని తగ్గగానే మానేస్తోందా? మీరే దగ్గరుండి చూడాలి.

మొన్న నేను యాభై ఏళ్లు దాటిన కారు కొన్నానని ఫోన్లో చెబితే మీరు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఒక్కటే అడిగారు: "దారిలో ఆగిపోతే ఏం చేస్తావమ్మా?" ఆ ప్రశ్నకి అప్పుడు నా దగ్గర సరైన జవాబు లేదు. మూడు వారాలు ఆలోచించి, కొంత అనుభవం కూడా అయ్యాక ఇప్పుడు రాస్తున్నాను. ఇది చదివాక మీకు టెన్షన్ కొంచెమైనా తగ్గాలని నా కోరిక.

కారు పేరు ఎంజీబీ. 1971లో తయారైంది. రెండే సీట్లు, మడిచే గుడ్డ టాపు, ముదురు ఆకుపచ్చ రంగు. మా ఇంటికి పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఆబింగ్‌డన్ అనే చిన్న ఊరుంది. 1962 నుంచి 1980 దాకా ఈ కార్లు దాదాపు అన్నీ అక్కడే చేశారు, మొత్తం 5 లక్షలకు పైగా. ఆ ఫ్యాక్టరీ 1980 అక్టోబరులో మూతపడింది. ఆ ఊరి మ్యూజియంలో చివరి రోజుల్లో తయారైన ఎంజీబీ ఒకటి పెట్టారు, పాపని తీసుకెళ్లి చూపించాను. అన్ని లక్షల కార్లు చేశారు కాబట్టి దీనికి ఇప్పటికీ దొరకని పార్టు అంటూ దాదాపు లేదు. 1988 నుంచి కొత్త బాడీ షెల్లు కూడా చేస్తున్నారు.

అసలు నేనీ కారే ఎందుకు కొన్నానో మీకు చెప్పలేదు. అమ్మే ఆయన బానెట్ ఎత్తగానే నాకు మన అంబాసిడర్ కనిపించింది. ఎడమ పక్కన కార్బురేటర్, దాని కిందే ఎగ్జాస్ట్. కుడి పక్కన ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్. పైన అదే పొడుగాటి రేకు మూత. రెండూ ఒకే కుటుంబం ఇంజిన్లు నాన్నగారూ, బీ-సిరీస్ అంటారు. మన అంబాసిడర్ మార్క్ 4లో ఉన్నది 1489 సీసీ, ఇందులోది 1798 సీసీ, కార్బురేటర్లు రెండు. ఈ కారుకి ముందు వచ్చిన ఎంజీఏ అనే స్పోర్ట్స్ కారుకి 1955లో మొదట పెట్టింది సరిగ్గా 1489 సీసీ ఇంజినే. గోదావరి స్టేషన్ దగ్గర మీరు ఇరవై ఏళ్లు ఎండలో నిలబెట్టి నడిపిన టాక్సీకీ, ఇక్కడివాళ్లు ఆదివారం తుడిచి ముద్దు చేసుకునే కారుకీ గుండె ఒకటే. ఆ సంగతి తెలిశాక ఇంక బేరం కూడా గట్టిగా ఆడలేకపోయాను.

ఇప్పుడు మీ ప్రశ్నకి వస్తాను.

మొదట పానాల సంగతి. కారు కొన్న వారానికే ఒక పెద్ద సాకెట్ సెట్ కొన్నాను. పెట్టె బాగుంది, ముక్కలు చాలా ఉన్నాయి, కానీ అన్నీ మిల్లీమీటర్లవే. ఈ కారు నట్లన్నీ అంగుళాల కొలత. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. 13 నంబరు పానా దాని మీద కూర్చున్నట్టే ఉంటుంది, తిరుగుతుంది కూడా. గట్టిగా బిగుసుకున్న నట్టు దగ్గర మాత్రం ఆ చిన్న తేడా చాలు, మూలలు అరిగి నట్టు గుండ్రంగా అయిపోతుంది. ఎగ్జాస్ట్ దగ్గర ఒక నట్టుకి అదే జరిగింది. దాన్ని తీయడానికి ఒక పూట పట్టింది. 7/16కి 11 నంబరు ఎక్కదు, 12 వదులు. 9/16కి 14 ఎక్కదు, 15 వదులు. మూడు పావుల అంగుళానికి మాత్రం 19 నంబరు సరిపోతుంది. ఇప్పుడు 7/16, అర, 9/16, 5/8, మూడు పావులు, ఈ అయిదు కొలతల్లో రింగూ ఓపెనూ ఉన్న పానాలు విడిగా కొన్నాను. ఈ కారు పని ముప్పాతిక వంతు వీటితోనే అయిపోతుంది. కొత్తగా ఇలాంటి కారు కొన్న ఎవరడిగినా నేను ముందు ఇదే చెబుతున్నాను: వంద ముక్కల పెట్టె వద్దు, సరైన కొలతవి అయిదు మంచివి కొనుక్కోండి అని.

ఇక దారిలో ఆగిపోవడం. ఆగింది నాన్నగారూ. మీకు ఫోన్లో చెప్పలేదు, కంగారు పడతారని.

ఏప్రిల్ చివర్లో మంచి ఎండ వచ్చిన శనివారం నేనూ పాపా బర్‌ఫర్డ్ వైపు బయల్దేరాం. విట్నీ దాటాక ఇంజిన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. రోడ్డు పక్కన గడ్డి మీదకి దొర్లించి, పాపని కంచె అవతల కూర్చోబెట్టాను. చేతులు వణికాయి. అప్పుడు మీరు చెప్పేది గుర్తొచ్చింది, "ముందు పెట్రోలా, కరెంటా తేల్చుకో. రెండూ ఒకేసారి వెతక్కు."

తాళం తిప్పితే వెనక నుంచి పంపు టిక్ టిక్‌మని బల్లి పలికినట్టు నాలుగైదు సార్లు కొట్టి ఆగింది. అంటే కార్బురేటర్ల దాకా పెట్రోలు వస్తోంది, ఎక్కడా కారిపోవట్లేదు. అసలు కొట్టకపోతే పంపు లోపల కరెంటు కలిపి విడదీసే పాయింట్లు అతుక్కున్నట్టు. కుడి వెనక చక్రం ముందు, కారు కిందుగా ఉంటుంది అది. స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తడితే చాలాసార్లు కదులుతుందని ఇక్కడి పాత ఓనర్లు చెప్పారు. ఆగకుండా కొడుతూనే ఉంటే ట్యాంకు ఖాళీ అయినా అయ్యుండాలి, ఎక్కడో గాలి పీల్చుకుంటున్నా ఉండాలి. పాపకి ఆ చప్పుడు ఎంత ఇష్టమో. తాళం తిప్పగానే వేళ్ల మీద లెక్కపెడుతుంది.

పెట్రోలు ఉంది కాబట్టి కరెంటు చూశాను. కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి వచ్చే మధ్య వైరు ఊడదీసి, రబ్బరు పిడి ఉన్న పట్టకారుతో ఇంజిన్ ఇనుముకి కాస్త దూరంలో పట్టి చూస్తే నిప్పురవ్వ చాలా నీరసంగా ఉంది. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి పాయింట్లు వేలితో విడదీస్తే మాత్రం అక్కడ తెల్లగా పెద్ద మెరుపు. కండెన్సర్! మీరు ఇది నాకు పదో తరగతి సెలవుల్లో చూపించారు, గుర్తుందా? పాయింట్ల దగ్గర నిప్పు ఎక్కువైతే ప్లగ్గు దగ్గర తక్కువవుతుందని.

ఆ కండెన్సర్ రెండు వారాల ముందు నేనే కొత్తది వేసింది. పాతది బాగానే పనిచేస్తుండగా, అన్నీ కొత్తవి ఉంటే మంచిదనుకుని మార్చాను. ఏ దుకాణంలో కొన్నానో ఇప్పుడు అనవసరం. ఈ మధ్య తయారయ్యే వాటిలో కొన్ని ఇలాగే త్వరగా పోతున్నాయని తర్వాత చాలామంది చెప్పారు. అదృష్టం కొద్దీ పాతది పారేయకుండా ఒక మూత డబ్బాలో వేసి డిక్కీలో ఉంచాను. అది బిగించాను. చిన్న స్క్రూ లోపల పడకుండా మీరు చేసినట్టే కింద గుడ్డ పరిచాను. పాయింట్ల దగ్గరున్న బుల్లి బోల్టు మీద ప్లాస్టిక్ వాషర్ల వరుస తప్పితే మొత్తం షార్ట్ అయిపోతుంది కాబట్టి, తీసేముందు ఫోన్‌తో ఫొటో తీసుకున్నాను. ఇరవై నిమిషాల్లో స్టార్ట్ అయింది. పాప కంచె మీద నుంచి చప్పట్లు కొట్టింది. నాకు మాత్రం కళ్లనీళ్లొచ్చాయి.

"పనిచేస్తుండగా తీసిందే అసలైన స్పేరు" అని మీరు అనేవారు. ఆ మాట విలువ ఆ రోజు తెలిసింది. ఇప్పుడు ఏ పార్టు కొన్నా ముందు కారుకి బిగించి, వందా నూటయాభై కిలోమీటర్లు తిప్పి, బాగుందని తేలాకే తీసి డబ్బాలో పెడుతున్నాను. అలా పరీక్షించిన రోటర్, కండెన్సర్, పాయింట్ల సెట్, డిస్ట్రిబ్యూటర్ మూత, రెండు ప్లగ్గులు ఇప్పుడు ఒక బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి. ఆ డబ్బా మూత లోపల తెలుగులో రాసి అంటించాను: ఒకటి, మూడు, నాలుగు, రెండు. ప్లగ్గు వైర్ల వరుస. నాకు ఎక్కాల కంటే ముందు మీరు కంఠతా పట్టించింది అదే.

మిగతా వాటి గురించి త్వరగా చెబుతాను. ఒక ఫ్యాన్ బెల్టు, రేడియేటర్ పైదీ కిందదీ హోస్ పైపులు, నాలుగు క్లిప్పులు, ఫ్యూజులు, బల్బులు, ఒక లీటరు 20డబ్ల్యూ-50 ఆయిల్, అయిదు లీటర్ల నీళ్లు, చిన్న సీసా బ్రేక్ ఫ్లూయిడ్. దీని క్లచ్ కూడా ఫ్లూయిడ్‌తోనే పనిచేస్తుంది, కాబట్టి ఆ సీసా రెండింటికీ పనికొస్తుంది. టెస్ట్ లాంపు, ఇన్సులేషన్ టేపు, రెండు మీటర్ల వైరు. తలకి కట్టుకునే లైటు ఒకటి ఉంది, ఇది మీ రోజుల్లో లేదు కానీ చాలా సుఖం. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి.

చక్రాలు ఊచలవి. నాలుగు నట్లు ఉండవు, మధ్యలో రెండు చెవులున్న పెద్ద నట్టు ఒకటే. దాన్ని రాగి సుత్తితో కొట్టి తిప్పాలి, ఇనుప సుత్తి తగిలితే చెవులు పాడైపోతాయి. కుడి పక్క నట్లకి మర ఎదురు తిరుగుతుంది. కారు ముందుకు పోయేటప్పుడు చక్రం తిరిగే దిక్కుకే కొడితే ఏ పక్కదైనా ఊడుతుందని గుర్తుపెట్టుకున్నాను. జాకీ ఎత్తకముందే నట్టు కొంచెం వదులు చేస్తాను. ఇంట్లో పని చేసేటప్పుడు ఉక్కు స్టాండ్లు నాలుగు ఉన్నాయి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కింద దూరనని మీకు మాటిస్తున్నాను. పెదనాన్నగారి చేతికి ఏమైందో నేను మర్చిపోలేదు.

నాకు నిజంగా భయం ఉన్నది ఒక్క దాని గురించే, నిప్పు. కార్బురేటర్ల కిందే ఎగ్జాస్ట్ ఉంటుందని రాశాను కదా. ఇక్కడ 2021 సెప్టెంబరు నుంచి మామూలు పెట్రోల్లో 10 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు. మన బంకుల్లో ఇప్పుడు ఇరవై అంటున్నారుగా. పాతకాలం రబ్బరు పైపులు దానికి మెత్తబడి పగుళ్లిస్తాయి. అందుకని కారు ఇంటికి తెచ్చిన మొదటి వారంలోనే పెట్రోలు రబ్బరు పైపులన్నీ ఇథనాల్ తట్టుకునే రకానికి మార్చాను. ఒక మీటరు పైపు అదనంగా డిక్కీలో ఉంది. ఖరీదెక్కువైనా 5 శాతం కలిపిన పెట్రోలే పోయిస్తున్నాను. మంటలార్పే సిలిండర్ డిక్కీలో పెట్టలేదు, సీటు పక్కన చేతికందేలా బిగించాను.

ఇక్కడ 40 ఏళ్లు దాటిన కార్లకి రోడ్డు టాక్స్ లేదు. 2018 నుంచి ఏటా చేసే తనిఖీ కూడా తప్పనిసరి కాదు. అయినా నేను ఏటా తనిఖీ చేయిస్తాను. బ్రేకుల విషయంలో నా కళ్లతో పాటు ఇంకో మనిషి కళ్లు కూడా ఉండాలి.

ఇప్పుడు నాకు మీ నుంచి రెండు కావాలి.

బాబాయిగారి అబ్బాయి సెప్టెంబరులో చదువుకి ఇక్కడికి వస్తున్నాడు కదా. అటక మీద ఖాకీ గుడ్డ సంచిలో మీ అంగుళాల పానాలు ఉండాలి. కారు అమ్మేసినప్పుడు వాటిని మాత్రం ఇవ్వలేదని అమ్మ చెప్పింది. బరువవుతాయి, తెలుసు. వాడి సామాన్లో మూడు కిలోలకి చోటిమ్మని నేను మాట్లాడాను. చేతి సంచిలో పెడితే ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు, పెద్ద సూట్‌కేసులోనే పెట్టమనండి. సన్నని ఖాళీలు కొలిచే మీ ఫీలర్ గేజ్ ఆకులు కూడా పెట్టండి. దీనికి పాయింట్ల మధ్య ఖాళీ 14 నుంచి 16 థౌ (అంగుళంలో వెయ్యో వంతు), వాల్వుల దగ్గర 15. అంటే ఒక్క 15 ఆకు చాలు రెండు పనులకీ. అది అందులో అన్నిటికంటే అరిగిన ఆకు అయ్యుంటుంది, అరుగుదల ఎంతో ఇక్కడ కొలిపించి చూసుకుంటాను.

రెండోది, ఒక సందేహం. వాల్వుల ఖాళీ సరిచేశాక ఇంజిన్ కొంచెం టకటకమంటోంది. ఇక్కడి పెద్దాయన ఒకరు అలా ఉంటేనే మంచిది, చప్పుడు లేకపోతేనే వాల్వులు కాలతాయి అన్నారు. మీరు చెవి పెట్టి విని "ఇది సరే, ఇది కాదు" అనేవారు. ఆదివారం మధ్యాహ్నం మీకు వీడియో కాల్ చేసి ఫోన్ ఇంజిన్ దగ్గర పెడతాను. టీవీ ఆపేసి వినండి.

సంచి ఉతకొద్దని అమ్మకి చెప్పండి. మీ పాత ప్యాంటు విప్పి తనే కుట్టింది కదా, ఆ జేబుల మీద ఏ పానా ఎక్కడో మీరు పెన్నుతో రాసిన అంకెలు ఉంటాయి. అర అంగుళానిది ఎడమ నుంచి మూడో జేబు.

మీ అమ్మాయి