నరసాపురం నవల గురించి

ఒరేయ్,

ఎలా ఉన్నావ్? నవల నరసాపురంలో పెడుతున్నావని చదివి చాలా సంతోషం వేసిందిరా. లేసు అల్లే అమ్మాయి, ఏజెంటు కొడుకు. జంట బాగా కుదిరింది. ఎందుకంటే కులం, ఆస్తి కన్నా ముందు వాళ్ల మధ్య ఒక లెక్కల పుస్తకం ఉంది. ఎవరికెన్ని దారపు ఉండలు ఇచ్చారు, ఎన్ని ముక్కలు తిరిగొచ్చాయి, ముక్కకెంత కట్టారు, అంతా ఆ అబ్బాయి చేతిరాతలోనే. ఆ పుస్తకాన్ని మాత్రం వదలకు.

ఇక నీ ప్లాను. 9వ అధ్యాయంలో అతను నాన్నతో పోట్లాడి ఆమెకి కూలి పెంచిస్తున్నాడు. అక్కడితో నవల అయిపోయిందిరా. మిగతా 21 అధ్యాయాల్లో ఆమెకి కృతజ్ఞత తప్ప చెయ్యడానికేం మిగిలింది? ప్రేమ కథలు చాలావాటికి వచ్చే జబ్బు ఇదే. ఆమె ఎదగాల్సిన చోట అతను ఎదిగేస్తాడు.

వరస మార్చు. 30 అధ్యాయాలు, ఒక్కోటి 2,000 మాటలు అనుకుంటే, ఆమె మనసులో పాతుకుపోయిన మాట 2వ అధ్యాయానికల్లా మనకి తెలియాలి: "ధర అడిగితే ఉన్న పనీ పోతుంది." 5లో, ఒక్కో ముక్కకి ఎన్ని గంటలు పట్టిందో క్యాలెండరు వెనక గీతలు గీసుకుంటుంది. 11లో అడగబోతుంది, గొంతు పెగలదు. ఈ ఓటమి తప్పకుండా ఉండాలి. ఇది లేకపోతే 16లో వచ్చే ధైర్యం ఆకాశం నుంచి ఊడిపడినట్టుంటుంది. 16లో తెగేసి చెబుతుంది. తర్వాత మూడు అధ్యాయాలు ఆమె ఇంటికి దారం రాదు, లేసు ముక్కల్ని కలిపి కుట్టే అతుకు పని చేసే పక్కింటావిడ కూడా మాట్లాడదు. అతను పుస్తకం తెచ్చి ఆమె ముందు పెట్టేది 19లో, అంతా ఆమె పోగొట్టుకున్నాక. 16, 19 తారుమారైతే అతను రక్షకుడైపోతాడు.

ఆ 16వ అధ్యాయంలో ఉపన్యాసం వద్దు. క్రోషే అల్లిక సంగతి గుర్తుందిగా, చివరి ఉచ్చులోంచి సూది తీసి దారం లాగితే వరసలన్నీ ఊడిపోతాయి. దారం కత్తిరించి, ఆ ఉచ్చులోంచి దూర్చి బిగిస్తేనే నిలబడుతుంది. 2వ అధ్యాయంలో ఏజెంటు "అల్లిక వదులుగా ఉందమ్మా" అంటే, రెండు రాత్రుల పనిని ఆమె అక్కడే కూర్చుని కిక్కురుమనకుండా లాగేస్తుంది, దారం ఒళ్లో కుప్ప పడుతుంది. 16లోనూ అదే మాట అంటాడు. ఈసారి ఆమె దారాన్ని కత్తెరతో తుంచి, ఉచ్చులోంచి దూర్చి, బిగించి, ముక్క బల్ల మీద పెడుతుంది. అంతే. ఆ కొడుకు కలం ఆగాలి. ప్రేమ మొదలయ్యేది ఆ క్షణంలోనే అనుకుంటాను నేను. అంతకుముందు ఉన్నది ఇష్టం.

ఏ సంవత్సరమో ముందే తేల్చుకో. నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. కథ ఆ తర్వాత జరిగితే ఆమె బేరానికి అదొక ఆధారం. అంతకుముందు జరిగితే ఆ బలం లేకుండానే ఆమె నిలబడాలి.

పంటు, అదే గోదావరి దాటించే పెద్ద పడవ సంగతి. అవతలి ఒడ్డున సఖినేటిపల్లి నుంచి వచ్చేటప్పుడు ఆఖరి పంటు తప్పిపోయిందని ఇద్దర్నీ రేవులో కూర్చోబెట్టావు. దాటలేకపోతే చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి రావాలి కాబట్టి నమ్మొచ్చు. కానీ ఒక్కసారే వాడితే అది యాదృచ్ఛికం. రెండుసార్లు వాడు. మొదటిసారి తప్పిపోతుంది, రెండోసారి, పంటు కళ్ల ముందే ఉన్నా, ఆమె ఎక్కదు. ఆమె ఎంత మారిందో చెప్పడానికి వేరే వాక్యం అక్కర్లేదు.

అంతర్వేది కల్యాణం నడిమధ్యలో పెట్టావు, భేష్. మాఘ శుద్ధ దశమి రాత్రి కల్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశికి రథం. ఊరు ఊరంతా పంటు మీదే ఉంటుంది. ఇద్దర్నీ చూసేవాళ్లు వందమంది అక్కర్లేదు, ముగ్గురు చాలు. అయితే ఆ ముగ్గురికీ ఏదో ఒక స్వార్థం ఉండాలి. ఒకామెకి ఆమె పని తనకి రావాలి, ఒకాయనకి ఆ అబ్బాయిని అల్లుడు చేసుకోవాలి, మూడోవాడు ఏజెంటుకి బాకీ. ఉత్తినే చెవులు కొరుక్కునే జనం ఏ కథకీ పనికిరారు.

24లో విడిపోవడానికి అపార్థం పెట్టావు. ఒక్క ఫోన్‌తో తీరిపోయే గొడవ అది, తీసెయ్. ఆమె ఇంకో పదిమందిని కూడగట్టి నేరుగా అమ్మడం మొదలుపెడితే, అతని నాన్న వ్యాపారం నిజంగానే దెబ్బతింటుంది. అతనికి రెండువైపులా నొప్పే. అలాంటి గొడవకి ఎవరూ చెడ్డవాళ్లు కానక్కర్లేదు.

"ఆయ్" ప్రతి మాటకీ తగిలించకు. వయసు మీద పడ్డ ఒకరిద్దరి నోట ఉంటే చాలు.

ముందు 2, 16 రెండూ పక్కపక్కన పెట్టుకుని రాసి పంపు. అవి కుదిరితే మిగతావాటి గురించి మాట్లాడుకుందాం. పిన్నిగారిని అడిగానని చెప్పు.

నీ
నేస్తం